మూడోసారి అడిగితే

ఆగస్టు 5

మరదలు పిల్లకు,

డెబ్బై మూడేళ్ల మనిషిని పిల్లా అంటున్నానని నీ కోడలు నవ్వితే నవ్వనీ. నేను మీ ఇంటికి వచ్చిన రోజున రెండు జడలేసుకుని, లోపల ఏముందో చూపించేదాకా లేవనని నా పెట్టె మీద కూర్చున్నావు. నా లెక్కలో ఇంకా ఆ పెట్టె మీదే ఉన్నావు.

ఫోనులో నీకు వినపడదు. వినపడనప్పుడల్లా "ఊఁ ఊఁ, మంచిది" అంటావు. ఈ విషయానికి మంచిది అనిపించుకోవడం ఇష్టం లేక ఉత్తరం రాసి కొరియరులో పంపుతున్నాను, జవాబూ అలాగే పంపు. నీ కాలు కట్టులో ఉంది, బయల్దేరతానని మొండికేయకు. ఇంటికి ఒక మంచం చాలు.

మూడో తేదీ పొద్దున మీ అన్నయ్యకు టీ ఇవ్వబోతే "వద్దు" అన్నారు. కాసేపాగి మళ్లీ అడిగితే "వద్దులే" అన్నారు. మూడోసారి అడుగుదామని నేను వంటింట్లోంచి వచ్చేసరికి కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. మెదడులో రక్తనాళం చిట్లిందట. ఆసుపత్రి ఐదో అంతస్తులో ఉంచారు. నోట్లో గొట్టం, దాని అవతలి కొసన గాలి పంపే మెషీను. కళ్లు తెరవడం లేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది. నేను పట్టుకున్నట్టు ఆయనకు తెలుస్తోందో లేదో చెప్పగలిగినవాళ్లు ఆ అంతస్తులో ఎవరూ లేరు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. జేబులో నాలుగు పెన్నులుంటాయి, ఏదీ రాయదు, చివరికి నర్సు దగ్గర అడిగి రాస్తుంది. పెన్నుల డాక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాను. నన్ను ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లి, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది: "ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో ఆయన ఎప్పుడైనా చెప్పారా అమ్మా?"

చెప్పారన్నాను. మూడేళ్ల క్రితం ఆయన స్నేహితుడు, ఆ ఎలక్ట్రీషియన్, ఇలాగే మెషీను మీద ఉంటే చూడ్డానికి వెళ్లాం. ఆ మంచం పక్కన నిలబడి "మీకైతే ఏం చేయించమంటారు?" అని అడిగాను. "నాకు ఇలాంటివి వద్దు" అన్నారు. ఆ రోజు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ మాట అని, నన్ను అక్కడే వదిలేసి మెట్ల మీదుగా దిగి వెళ్లిపోయారు. నేను లిఫ్టులో దిగి, కింద బెంచీ మీద పావుగంట కూర్చుని, ఆయన వచ్చాక చెడామడా తిట్టాను. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి పెన్షను తీసుకుంటున్న మనిషే మెట్లు దిగితే ఇక ఆ లిఫ్టు ఎవరెక్కుతారని.

డాక్టరమ్మ "రోగి వద్దన్నారు" అని రాసుకుంది. నోటి గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదట. పదమూడో తేదీ లోపల నేను ఒకటి చెప్పాలి. గొంతుకు రంధ్రం పెట్టి మెషీనును అలాగే కొనసాగించడమా, లేక మెషీను తీసేసి, బాధ తెలియకుండా మందులిచ్చి, ఆయన్ని ఆయన దారిన పోనివ్వడమా. ఒక కాగితం, రెండు గళ్లు. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టాలి.

గది బయటికి వచ్చాక గుర్తొచ్చింది. ఈ మనిషి మొదటిసారి వద్దనని వస్తువేది? టీ వద్దు, కొత్త చొక్కా వద్దు, సినిమా వద్దు. నన్ను చేసుకోవడానికి కూడా రెండుసార్లు వద్దన్నాడని మీ అమ్మే చెప్పి నవ్వింది. మూడోసారి అడిగితే, ఏదో మన కోసం ఒప్పుకున్నట్టు "సరే ఇవ్వు" అంటారు. ఆ ఎలక్ట్రీషియన్ మంచం దగ్గర నేను అడిగింది ఒక్కసారే.

నీకు నాకంటే పదిహేనేళ్లు ముందు నుంచి తెలుసు. చిన్నప్పుడూ ఇంతేనా? ఎన్నోసారి అన్న మాటను పట్టించుకోవాలి?

నీ వదిన

ఆగస్టు 7

వదినా,

నీ ఉత్తరం నేనొకసారి చదువుకుని, కోడలితో ఒకసారి గట్టిగా చదివించుకున్నాను. అది చదివితే ఏడుపొచ్చే చోట నవ్వొచ్చింది, నవ్వొచ్చే చోట ఏడుపొచ్చింది. నీ రాత ఎప్పుడూ అంతే.

చిన్నప్పుడూ ఇంతే. అమ్మ రోజూ మూడుసార్లు అడిగేది, తన పని అదే అన్నట్టు. నాన్న అలా కాదు. "సైకిలు కావాలా?" అని రెండుసార్లు అడిగాడు. అన్నయ్య రెండుసార్లూ వద్దన్నాడు. నాన్న ఆ సైకిలు తీసుకెళ్లి పెదనాన్న కొడుక్కి ఇచ్చేశాడు. అన్నయ్య డాబా మీదికెక్కి, నీళ్ల తొట్టి వెనక కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చాడు. నేను చూశాను, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అరవై మూడేళ్ల తర్వాత నీకే చెబుతున్నాను. కాబట్టి అడుగు వదినా. మూడోసారి అడగందే ఏదీ తేల్చుకోకు. చెవి దగ్గర నోరు పెట్టి అడుగు.

కోపం రాకపోతే ఒక మాట. నీకు మొదటి నుంచీ తొందర. రెండోసారి వద్దనగానే కప్పు లాగేసుకుని సింకులో పారబోయడం నేను కళ్లారా చూశాను. పాపం అన్నయ్య ఆ కప్పు వెళ్లినవైపే చూసేవాడు. ఈసారి మాత్రం కప్పు లాగేసుకోకు.

కట్టు ఇంకో మూడు వారాలట. కాలు చాపుకుని పడుకుంటే ఎదురుగా బీరువా. మా ఆయన పోయిన ఏడు అన్నయ్య వచ్చి తలుపు బిగించి వెళ్లాడు కదా, ఇప్పటికీ ఒంటివేలితో మూసుకుంటుంది. ఇంట్లో మిగతా తలుపులన్నీ నాలాగే మూలుగుతాయి.

కళ్లు తెరిచాడా? తెరిస్తే ఫోను చెయ్యి. వినపడకపోయినా ఎత్తుతాను.

నీ కుంటి మరదలు

ఆగస్టు 9

మరదలా,

పిల్లా అని ఎందుకు రాయలేదో నీకు తెలుసు.

కప్పు సింకులో పారబోసిన మాట నిజం. నాకు తొమ్మిదిన్నరకు బడి, నలభై ఎనిమిది మంది పిల్లలు, భిన్నాలు. ఒక మనిషి టీ తాగుతాడో లేదో తేల్చుకునేదాకా భిన్నాలు ఆగవు. అయినా నువ్వు చూసింది సెలవులకి వచ్చిన పది రోజులు. మిగతా మూడు వందల యాభై అయిదు రోజులు మూడోసారి అడిగింది ఎవరనుకున్నావు? అని రాశాను గానీ, రాత్రంతా లెక్కపెట్టుకున్నాను. అడగని మూడోసార్లు కూడా ఉన్నాయి. చాలానే ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే చేశాను. చెవి దగ్గర నోరు పెట్టి "ఈ మెషీను ఉంచమంటారా?" అని అడిగాను. మెషీను బుస్సుమంది. అది అందరికీ అదే జవాబు చెబుతుంది. అటుగా పోతున్న నర్సు ఆగి, "మాట్లాడండమ్మా, మంచిది" అంది. మంచిది అనకుండా ఉండే మనుషులే లేరా?

మా అబ్బాయి, అదే మనవాడి సంగతి నీకు తెలుసు. చివర ఎవరు మాట్లాడితే వాళ్ల పక్షం. డాక్టరమ్మ దగ్గర "అవును, నాన్నను బాధపెట్టకూడదు" అంటాడు. వరండాలోకి వచ్చాక నేను సైకిలు సంగతి చెబితే "అవునమ్మా, అవకాశం ఇవ్వాలి కదా" అంటాడు. లిఫ్టులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దేవుడున్నాడంటే దానికీ తలూపాడు.

ఆయనకు తెలివి వస్తుందా అని డాక్టరమ్మను అడిగాను. "రావచ్చనడానికి ఆధారాలు లేవు, రాదని నూటికి నూరు పాళ్లూ అనలేం, కానీ" అని ఆగింది. ఇలాంటి వాక్యం నా దగ్గర పరీక్షలో రాస్తే సున్నా వేసేదాన్ని. ఆ మాటే అన్నాను. అప్పుడు నా పక్కకొచ్చి కూర్చుని, "లేచి కూర్చోవడం, మాట్లాడటం, మిమ్మల్ని గుర్తుపట్టడం ఉండవనే నేను నమ్ముతున్నానమ్మా. ఊపిరి మాత్రం మెషీనుతో నడుస్తుంది. నెలలు కూడా నడవచ్చు" అంది. సూటిగా చెప్పినందుకు థాంక్స్ చెప్పాను. 

అయినా మూడోసారి అడగని "వద్దు" చెల్లదు. నువ్వన్నదీ అదే, నాకు తెలిసిందీ అదే. గొంతుకు రంధ్రం పదమూడో తేదీ పొద్దున పెట్టమని చెప్పేశాను. మొదటి గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టాను. పెన్ను తర్వాత ఇవ్వమన్నాను. ఇప్పటికే రెండు గళ్లలోనూ పెట్టి చెరిపి, పెట్టి చెరిపి, కాగితం అక్కడ ఉల్లిపొరలా అయింది.

నీకిప్పుడు తృప్తేనా?

నీ తొందర వదిన

ఆగస్టు 9

వదినా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. ఇది ముందు చేరుతుందో అది ముందు చేరుతుందో.

నేను నీకు ఒకటి చెప్పకుండా దాచాను. మొన్నటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయబోయి సైకిలు గురించి రాశాను.

మా ఆయన ఆ మెషీను మీద పంతొమ్మిది రోజులున్నాడని నీకు తెలుసు. అప్పుడు ఎవరూ నన్నేమీ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అంతా అయ్యాక అన్నయ్య వచ్చి వారం ఉన్నాడు కదా. ఒక మధ్యాహ్నం టీ ఇచ్చి అడిగాను. "అన్నయ్యా, నీకే ఇలా వస్తే మమ్మల్ని ఏం చెయ్యమంటావు?" "వద్దే. నాకు వద్దు" అన్నాడు. అంతే. నేను మళ్లీ అడగలేదు. అడగడానికి భయమేసింది.

ఎందుకు దాచానంటే, చెబితే నీ దగ్గర రెండు వద్దులు అవుతాయని. రెండయితే నువ్వు కప్పు లాగేస్తావని. నాకు అన్నయ్య కావాలి వదినా. ఇంక మా అమ్మానాన్నల్ని చూసినవాళ్లు ఎవరున్నారు? ఆ సైకిలును చూసినవాళ్లు నేను తప్ప ఎవరూ మిగలరు.

ఇప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. నువ్వొకసారి, నేనొకసారి అడిగితే అది రెండోసారా? లేక చెరొక మొదటిసారా? ఇంట్లో అయితే అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి అడిగితే కలిపే లెక్కపెట్టేవాడు. మూడోసారి ఎవరడిగినా సరే అనేవాడు, నేనడిగినా సరే. కానీ అది ఒకే పూటలో. మనమేమో ఏడాది తేడాతో అడిగాం. ఇంత తేడా వస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుందేమో. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. లెక్కల టీచరువి, నువ్వే తేల్చు.

తొందర అన్నందుకు తిట్టుకో. తిట్టి మర్చిపో.

నీ మరదలు

ఆగస్టు 11

పిల్లా,

నీ రెండో ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఇంతలో నాది నీకు చేరి ఉంటుంది. నువ్వు నన్ను తిట్టిన ఉత్తరానికి నేను తిట్టిన జవాబు. అది చింపెయ్. తృప్తేనా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

లెక్క తేల్చమన్నావు. నిన్నంతా మంచం పక్కన కూర్చుని అదే చేశాను. కలిపితే రెండు, విడివిడిగా అయితే చెరొకటి, ఏడాది తేడా ఒప్పుకోకపోతే అసలు ఏదీ కాదు. మూడు పద్ధతుల్లో మూడు జవాబులు వచ్చాయి, మూడింటికీ సగం మార్కులు ఇవ్వచ్చు. రెండో గడిలో టిక్కు పెట్టాను, చెరిపాను. పెన్నుల డాక్టరమ్మ వచ్చి, "ఏం చేస్తున్నారమ్మా?" అంది. "తీసివేతలు" అన్నాను.

మధ్యాహ్నం మనవాడు వచ్చి, "అమ్మా, టీ తెస్తాను" అన్నాడు. "వద్దురా" అన్నాను. "పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదు" అన్నాడు. "వద్దన్నానా" అన్నాను. వాడు వెళ్లి తెచ్చేశాడు. తాగేశాను. గుక్క తిప్పుకోకుండా తాగాను. ఖాళీ కప్పు చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే తెలిసింది. నేను వద్దన్నాను గానీ, కుర్చీలోంచి లేవలేదు. వాడు వెళ్లిన గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

మీ అన్నయ్యా అంతే కదా! యాభై ఎనిమిదేళ్లలో టీ వద్దన్న రోజున ఒక్కనాడూ ఆ కుర్చీ వదల్లేదు. కప్పు వెళ్లినవైపే చూసేవాడని నువ్వే రాశావు. కావాలనుకునే మనిషి అక్కడే ఉంటాడు, మూడోసారి అడిగేదాకా. సైకిలప్పుడూ మీ నాన్న ఎదుటే నిలబడి ఉంటాడు.

మరి నిజంగా వద్దనుకున్నప్పుడు? ఆఫీసువాళ్లు సూపర్‌వైజరును చేస్తాం, కుర్చీలో కూర్చోవచ్చు అన్నప్పుడు నేను ఊదరగొట్టాను. ఒక్కసారే వద్దన్నారు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, వంటింటి కిటికీ గడియ బిగించడానికి వెళ్లిపోయారు. ఇంకో ఆరుసార్లు అడిగాను. ఆరుసార్లూ ఏదో ఒకటి బిగించడానికి లేచి వెళ్లిపోయారు. ఆ నెలలో ఇంట్లో వదులుగా ఉన్న మర ఒక్కటీ మిగల్లేదు.

మనం ఇన్నాళ్లూ ఎన్నిసార్లన్నాడో లెక్కపెట్టాం. అన్నాక ఏం చేశాడో చూడలేదు.

ఆ ఎలక్ట్రీషియన్ మంచం దగ్గర సంగతి నాకు గుర్తుంది. నాకు ఇలాంటివి వద్దన్నారు, మెట్ల మీదుగా వెళ్లిపోయారు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. నేనేమో లిఫ్టు పరువు పోయిందని తిట్టాను. ఆ పావుగంట ఆయన ఎక్కడున్నారో, ఏ మెట్టు మీద కూర్చున్నారో అడగనేలేదు.

కానీ ఒక్క సాక్ష్యంతో నేనీ పని చెయ్యలేను. రేపటికల్లా రాయి. ఆ మధ్యాహ్నం నీతో వద్దన్నాక మీ అన్నయ్య కూర్చున్నాడా, లేచాడా? గుర్తున్నది మాత్రమే రాయి. నాకు సాయం చేద్దామని కల్పించకు. నీకు అన్నయ్య కావాలి కాబట్టి దాచకు కూడా. గుర్తులేకపోతే లేదని రాయి. అప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియదు. తెలియదనే డాక్టరమ్మకు చెబుతాను.

రంధ్రం పని ఒక్కరోజు ఆపమన్నాను. ఆపుతానంది. కాగితం నా బ్యాగులోనే ఉంది.

వదిన

ఆగస్టు 12

వదినా,

లేచాడు.

నీ ఉత్తరం చదివి, కళ్లు తుడుచుకుని తలెత్తితే ఎదురుగా బీరువా. రోజూ చూస్తూనే ఉన్నాను. నీకు రాశాను కూడా, తలుపు బిగించి వెళ్లాడని. ఎప్పుడు బిగించాడో మాత్రం తట్టలేదు. ఆ మధ్యాహ్నమే. "వద్దే, నాకు వద్దు" అన్నాడు, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు, బీరువా దగ్గరికి వెళ్లి నేల మీద చతికిలబడ్డాడు. ఆ తలుపుకి రెండు బందులు, ఎనిమిది మరలు. గంటసేపు పట్టింది. గంట పట్టే పని కాదు. నావైపు తిరగలేదు. నేనిచ్చిన టీ పక్కన బల్ల మీద అలాగే ఉండిపోయింది. మీగడ కట్టింది. సాయంత్రం నేనే పారబోశాను.

నీకు సాయంగా కల్పించడం లేదు. కల్పించాలంటే కూర్చున్నాడని రాసేదాన్ని.

ఇది రాస్తుంటే కోడలు వచ్చి, "ఎందుకేడుస్తున్నారు, కాలు నొప్పా?" అంది. అవునన్నాను.

చెయ్యి వదినా. నువ్వొక్కదానివే చేశానని అనుకోకు. ఇద్దరం చేశామని రాసుకో.

అన్నయ్య చెవిలో నా మాటగా, సైకిలు సంగతి నీకు చెప్పేశానని చెప్పు. కోప్పడతాడు. పర్లేదు.

మరదలు పిల్ల

ఆగస్టు 17

మరదలు పిల్లకు,

మనవాడు నీ కోడలికి ఫోను చేసి చెప్పాడు, నీకు తెలిసే ఉంటుంది. ఎలా జరిగిందో మాత్రం ఫోనులో చెప్పలేదు. అది నీకు నేనే రాయాలి.

నీ ఉత్తరం పదమూడున పన్నెండింటికి వచ్చింది. చదివి, మనవాడి చేతికిచ్చాను. వాడు చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "నువ్వేమంటావమ్మా?" అన్నాడు. "ముందు నువ్వు చెప్పరా, జీవితంలో ఒక్కసారి" అన్నాను. "నాన్న లేచి వెళ్లిపోయాడు కదా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ముందుగా చెప్పిన మాట ఇదొక్కటే.

రెండో గడిలో టిక్కు పెట్టబోతే పెన్ను కాగితంలోంచి అవతలికి దిగింది. అన్నిసార్లు చెరిపితే అంతే మరి. డాక్టరమ్మ కొత్త కాగితం తెచ్చింది. పెన్ను కోసం జేబులు తడుముకుంటుంటే నాదే ఇచ్చాను.

పద్నాలుగున మధ్యాహ్నం గొట్టం తీశారు. మందులు ఇచ్చారు, బాధ పడలేదు. ఇది నా కళ్లతో చూసింది, ఎవరో చెప్పింది కాదు. ఎన్నో రోజుల తర్వాత మొహం మొత్తం కనపడింది. పెదవి మీద ప్లాస్టరు గుర్తు పడింది. గడ్డం మాసి, ఒక ఆదివారపు మనిషిలా ఉన్నారు. మెషీను ఆపేస్తే గదిలో ఎంత నిశ్శబ్దమో, ఆయన ఊపిరి ఆయనదేనని అప్పుడు వినపడింది. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగి.

సైకిలు సంగతి చెప్పాను. కోప్పడలేదు.

 యాభై ఎనిమిదేళ్లు వాగిన నోరు. మూడో తేదీ పొద్దున వంటింట్లోంచి వస్తూ నోట్లోనే ఉండిపోయిన మాట ఒకటి మిగిలింది. చెవి దగ్గరికి వంగి అదే అడిగాను. "టీ తాగుతారా?"

మూడోసారి. నేను అడిగేశాను, ఇక ఎవరూ నన్ను తొందర అనడానికి వీల్లేదు. అడిగి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా ఆగుదామనుకున్నాను.

మనం చేసింది సరైనదేనా అని అడక్కు, పిల్లా. నాకు తెలియదు. పొద్దున ఒకటనిపిస్తుంది, సాయంత్రం ఇంకొకటి. నిన్న వంటింటి కిటికీ గడియ ఊపి చూశాను, ఇప్పటికీ వదులవలేదు. ఆయన నేనడిగింది విన్నారనుకుంటే ఒక బాధ, వినలేదనుకుంటే ఇంకో బాధ.

చూసింది మాత్రం రాస్తాను. నాలుగింటికి మనవాడు కిందికి వెళ్లి వచ్చేలోపు, నేనడిగిన మాటకు జవాబు చెప్పకుండా, మీ అన్నయ్య లేచి వెళ్లిపోయారు. మెట్ల మీదుగానే అనుకుంటాను. లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడు నాకు వినపడలేదు.

నీ వదిన